పది నిమిషాల కుట్టు

వీరవేణి ఎడమ చెవి తమ్మె తెగలేదు. తెగడానికి సిద్ధంగా ఉంది. ఇరవై రెండేళ్లుగా ఏటిపట్నం డిపోలో కండక్టరుగా చేస్తోంది. మొదటి జీతంతో చేయించుకున్న జూకాలు పెట్టుకుని, కిక్కిరిసిన బస్సులో ఈ చివరి నుంచి ఆ చివరికి తోసుకుంటూ తిరిగిన మనిషి. ఒకసారి చేపల గంప అంచు తగిలింది. ఇంకోసారి తల్లి చంకలోని చంటిపిల్ల చెయ్యి చాచి జూకా పట్టుకుని, ఊరు వచ్చేదాకా వదల్లేదు. అలా సాగి సాగి చెవి రంధ్రం చీలికైపోయి, కింద నూలుపోగంత చర్మం మాత్రం మిగిలింది.

జూకా వెనక ప్లాస్టరు అంటించి చూసింది. చెమటకి ఊడి టికెట్ల సంచిలో పడింది. ఇక లాభం లేదని జూకాలు బీరువాలో పెట్టేసి, కుడి చెవికి చీపురుపుల్ల గుచ్చుకుని, ఎడమ చెవిని జుట్టు కింద దాచుకుని రెండేళ్లు గడిపింది. ఎక్కిన ఆడవాళ్లు టికెట్టు అడగడానికి ముందు "అదేంటమ్మా, చెవులు బోసిగా ఉన్నాయి" అని అడిగేవాళ్లు. వాళ్లు దిగిపోయేవాళ్లు గాని ఆ మాట మాత్రం దిగేది కాదు.

ఆమె భర్త త్రిమూర్తులు దర్జీ. "ఎందుకే ఆస్పత్రులూ అవీ? నా మిషను కింద పెట్టు, అర నిమిషంలో కుట్టేత్తాను" అనేవాడు. అందులో సగం వేళాకోళం, సగం నమ్మకం.

చివరికి ఒక సోమవారం వారపు సెలవు చూసుకుని పెద్దాసుపత్రికి వెళ్లింది. అక్కడ డాక్టర్ శశాంక్ అని కుర్ర సర్జన్ ఉన్నాడు. చెవి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదెంత పనండీ! చిన్న మత్తు సూది, నాలుగు కుట్లు. పది నిమిషాలు. రేపొద్దున్న రండి" అన్నాడు.

వీరవేణి మర్నాడు పొద్దున్నే వెళ్లింది. అప్పటికి సర్క్యులరు వచ్చేసింది.

దాని పుట్టుపూర్వోత్తరాలు ఇవి. పొరుగు జిల్లాలో ఎక్కడో ఒకాయన పులిపిరి తీయించుకోడానికి వెళ్లి, సూది చూడగానే కళ్లు తిరిగి, బల్ల అంచుకి తగిలి రెండు పళ్లు రాలగొట్టుకున్నాడట. ఆ వార్త పేపర్లో చదివిన మన ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ పరబ్రహ్మంగారు ఆ పూట భోజనం చేయలేదు. సాయంత్రానికల్లా 'శస్త్రచికిత్సా పూర్వ సమగ్ర సంసిద్ధతా నిర్ధారణ సంఘం' ఏర్పాటైంది. దానికి అధ్యక్షుడు ఆయనే. అందం కోసం చేసే చిన్న శస్త్రచికిత్సలన్నీ ఆ సంఘం పరిధిలోకి వచ్చాయి. పెద్దవి రాలేదు. పెద్ద ఆపరేషన్లకి వచ్చేవాళ్లు ఆగలేరు కదా, చిన్నవాటికైతే ఎంతకాలమైనా ఆగగలరు అన్నది అందులోని తర్కం. గోడ మీద బ్యానరు కూడా కట్టారు: "చిన్న శస్త్రచికిత్స అంటూ లేదు. చిన్నచూపు మాత్రమే ఉంది."

కౌంటరులోని గుమాస్తా తలెత్తకుండా అడిగాడు. "దేనికి?"

"చెవి కుట్టించుకోడానికండి."

ఈసారి తలెత్తాడు. "ఈ వయసులోనా?"

"పిల్లలకి కుట్టేది కాదండి. చిరిగితే కుట్టేది."

"రెంటికీ గడి ఒకటే" అని ఆమెకి ఒక పసుప్పచ్చ ఫైలు ఇచ్చాడు. అందులో ముప్పై నాలుగు గడులున్నాయి. అన్నింట్లోనూ సంతకాలు పడితే ఫైలు సంఘానికి వెళ్తుంది. సంఘం సరేనంటే పది నిమిషాల పని మొదలవుతుంది.

వీరవేణి భయపడలేదు. బస్సులో నూట ఇరవై మందికి టికెట్లు కొట్టిన మనిషికి ముప్పై నాలుగు సంతకాలు ఒక లెక్కా? రక్తం ఇచ్చింది. మూత్రం ఇచ్చింది. గుండె ఫొటో తీయించుకుంది. చల్లటి జిగురు రాయించుకుని పొట్టకి స్కానింగు చేయించుకుంది. పళ్ల డాక్టరు నోరు తెరిపించి చూసి, ఈ పళ్లు చెవికి అడ్డం రావని రాశాడు. కళ్ల డాక్టరు గోడ మీది అక్షరాలు చదివించాడు. "ఆపరేషన్ అయ్యాక అద్దంలో చూసుకోవాలి కదమ్మా. కనపడకపోతే మాదే తప్పంటారు" అన్నాడు. ఒక్కో గడి నిండుతుంటే డిపోలో ట్రిప్పులు లెక్కేసుకున్నట్టు లెక్కేసుకుంది.

పంతొమ్మిదో గడి దగ్గర బండి ఆగింది. అది వినికిడి పరీక్ష.

గాజుగదిలో కూచోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, చప్పుడు వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఇరవై రెండేళ్లు ఇంజను హోరు విన్న చెవులు. ఎడమ చెవి రెండు సన్న చప్పుళ్లు వదిలేసింది.

"ఎడమ చెవి కొంచెం మందం" అంది పరీక్ష చేసినావిడ.

"అది లోపలి చెవి కదండీ. చిరిగింది బయట."

"కావచ్చమ్మా. కానీ రెండూ ఒకే చెవి. జబ్బున్న చెవి మీద కత్తి పెట్టకూడదని రూలు." చెవి విభాగానికి రాసిచ్చింది. అక్కడ మూడు వారాలు చుక్కలు వేయించి, మందం అలాగే ఉందని, అయినా ఇక తగ్గదని, కాబట్టి తగ్గినట్టే లెక్క అని రాసిచ్చారు. వీరవేణికి ఆ వాక్యం అర్థం కాలేదు గాని సంతకం ఉంది కదా అని సంతోషించింది.

తర్వాతది మానసిక వైద్యుడి గది. అందం కోసం ఆపరేషన్ అడిగేవాళ్లకి అది తప్పనిసరి. ఆయన సౌమ్యుడు. మంచినీళ్లు ఇప్పించి మొదలుపెట్టాడు.

"అద్దంలో చూసుకున్నప్పుడు మీకేమనిపిస్తుంది?"

"చెవి చిరిగిందనిపిత్తదండి."

"అంటే, శరీరంలో ఏదో లోపం ఉందని మీకు అనిపిస్తోంది."

"అనిపించడం కాదండి. చిరిగింది. చూడండి."

ఆయన చూడలేదు. చూడటం వేరే విభాగం పని. రాసుకున్నాడు. "ఎంతకాలంగా ఈ భావన?"

"చిరిగినకాడ్నించీనండి."

"చెవి బాగుపడితే జీవితం మారిపోతుందని అనుకుంటున్నారా?"

"జూకా నిలబడుద్ది అనుకుంటున్నానండి."

"అత్యాశ లేదు" అని పైకి అంటూ రాసుకుని, కలం ఆపి ఆలోచనలో పడ్డాడు. "కానీ జీవితం నుంచి ఇంత తక్కువ ఆశించడం కూడా ఒకసారి చూడాల్సిన విషయమే." ఇంకో మూడుసార్లు రమ్మన్నాడు.

మూడోసారి ఆయన తన బదిలీ కష్టాలన్నీ వీరవేణికి చెప్పుకున్నాడు. ఆమె విని, "పోన్లెండి బాబూ, ఏ స్టేజీలో దిగాల్సినోళ్లు ఆ స్టేజీలోనే దిగుతారు" అంది. ఆయన కళ్లు తుడుచుకుని, మనసు గట్టిగా ఉందని సంతకం పెట్టాడు.

ముప్పై మూడు గడులు నిండాయి. ఆఖరి గడి కోసం ఫైలు తీసుకెళ్తే గుమాస్తా మొదటి పేజీ తిప్పి, "రక్త పరీక్షకి కాలం చెల్లిందమ్మా" అన్నాడు.

"పాలప్యాకెట్టా ఏంటండీ, చెల్లిపోడానికి?"

"పదిహేను రోజులే చెల్లుబాటు. మీరు చెవి విభాగంలో ఇరవై రోజులున్నారు."

రక్తం మళ్లీ ఇచ్చింది. ఆ రిపోర్టు వచ్చేసరికి గుండె ఫొటోకి కాలం చెల్లింది. గుండె ఫొటో వచ్చేసరికి మూత్రానికి చెల్లింది. మూత్రం సంగతి తేలేసరికి మళ్లీ రక్తం. ఇలా రెండు నెలలు ఒకదాని వెనక ఒకటి తిరిగాయి. రెండు మోచేతుల మడతల్లోనూ చోటు లేక మణికట్టు దగ్గర గుచ్చడం మొదలుపెట్టారు. వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగేసి సీసాలు. ల్యాబులో కుర్రది ఆమెని చూడగానే, "రండి ఆంటీ" అని తనే చెయ్యి చాపేది.

తొమ్మిదో వారంలో ల్యాబు నుంచి ఎర్రసిరా గీతతో రిపోర్టు వచ్చింది. మొదటిరోజు పన్నెండున్నర ఉన్న రక్తం తొమ్మిదికి పడిపోయింది. సంఘంలో కలకలం రేగింది. మనిషి చూడ్డానికి బాగానే ఉంది. గాయం లేదు, పుండు లేదు. మరి రక్తం ఎటు పోతున్నట్టు?

ఎటు పోతోందో కనిపెట్టడానికి ఇంకో పదకొండు రక్త పరీక్షలు రాశారు.

ఫైలు మీద 'అసంసిద్ధ' అని ముద్ర పడింది. ఆ ముద్ర కంప్యూటరులోంచి దానంతటదే డిపోకి వెళ్లింది. మర్నాడు వీరవేణి తెల్లారగట్ల బస్సు కోసం వెళ్తే డిపో అధికారి డ్యూటీ ఇవ్వనన్నాడు.

"ఆసుపత్రివాళ్లు నిన్ను అన్‌ఫిట్ అన్నారమ్మా."

"చెవి కుట్టించుకోడానికి అన్‌ఫిటండి. టికెట్లు కొట్టడానికి కాదు."

అధికారి కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పి చూపించాడు. "దేనికి అన్‌ఫిట్ అని రాయడానికి ఇక్కడ గడి లేదు. నాకూ తెలుసమ్మా, నువ్వు బండి తోసి స్టార్టు చేసే మనిషివి. కానీ రేపు బస్సులో కళ్లు తిరిగి పడితే సమాధానం చెప్పాల్సింది నేను. ఫిట్ అని కాగితం పట్రా."

ఆ రోజు ఆమె బస్సు ఆమె లేకుండా బయల్దేరింది. సెలవులు అప్పటికే అయిపోయాయి. ఇంటికెళ్లి గుమ్మంలో కూచుంది. ఇరవై రెండేళ్లలో జ్వరమొచ్చినా, వరదొచ్చినా ఆ సమయానికి ఇంట్లో కూచుని ఎరగదు. వీధిలో పొద్దున్నపూట ఏ మనుషులు తిరుగుతారో కూడా ఆమెకి తెలీదు. త్రిమూర్తులు మిషను ఆపి పక్కన వచ్చి కూచున్నాడు. ఈసారి వేళాకోళం ఆడలేదు.

"పోనీ వద్దని చెప్పేసెయ్యే. చిరిగిన చెవితోనే ఉందువుగాని."

"చెప్పాను. ఒకసారి మొదలయ్యాక మానుకోడానికి కూడా రోగి సంసిద్ధంగా ఉండాలంట. దానికి వేరే ఫైలు."

శుక్రవారం సంఘం సమావేశానికి పిలిచారు. గుండ్రటి బల్ల చుట్టూ ఏడుగురు డాక్టర్లు, మధ్యలో పరబ్రహ్మంగారు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరికీ ఏమీ జరగకూడదన్నదే ఆయన ఆశయం, ఆ మాటకి ఉన్న అన్ని అర్థాల్లోనూ. గోడ దగ్గర కుర్చీలో డాక్టర్ శశాంక్ తలొంచుకుని కూచున్నాడు. మూడు నెలలకు పైగా అతను ఒక్క చెవినీ, ఒక్క పులిపిరినీ ముట్టుకోలేదు. గురువారం పొద్దున్నపూట మాత్రం క్యాజువాలిటీలో వేస్తే, దెబ్బలు తగిలినవాళ్లకి కుట్లు వేస్తున్నాడు.

"అమ్మా, మీ చెవి పట్ల ఈ సంఘానికి ఎటువంటి వైమనస్యమూ లేదు" అని పరబ్రహ్మంగారు ప్రారంభించారు. "శస్త్రచికిత్స ఒక ప్రక్రియ కాదు, ఒక పరిణతి. రోగి ఆ పరిణతికి క్రమక్రమంగా చేరుకోవాలి. మీ రక్తక్షీణతకి మూలం అనిర్దిష్టంగా ఉన్న దృష్ట్యా, మిమ్మల్ని వార్డులో చేర్చుకుని ఎముక మజ్జ పరీక్ష నిర్వహించవలసిందిగా సంఘం అభిప్రాయపడుతోంది."

శశాంక్ ఉండబట్టలేక లేచాడు. "సార్, ఆ రక్తం మనమే తీశాం. అన్ని సీసాలూ కలిపితే..."

"డాక్టర్, నమూనా వేరు, నష్టం వేరు. మనం తీసింది నమూనా."

వీరవేణి లేచి నిలబడింది. "అయ్యా, ఒక మాటండి. ప్యాసింజరు ఎక్కాడు, టికెట్టు తీసుకున్నాడు. ప్రతి స్టేజీలోనూ ఆ టికెట్టు చెల్లదని మళ్లీ మళ్లీ టికెట్టు కొడతా, బస్సు మాత్రం కదపకపోతే ఎలాగండి?"

పరబ్రహ్మంగారు ఆ పోలికని మనసులో వేసుకుని చూశారు. ఆయన ముఖం వికసించింది. "కదలని బస్సుకి ప్రమాదం జరగదు కదమ్మా" అన్నారు. దాన్ని మినిట్సులో రాయమన్నారు.

బయటికొచ్చి నడవాలో బల్ల మీద కూలబడింది. బుధవారం వార్డులో చేరి, శుక్రవారం వెన్నుపక్క ఎముకలోకి సూది దింపించుకోవాలి. చెవి తమ్మె కోసం వచ్చిన మనిషి! అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

క్యాజువాలిటీ హెడ్‌నర్సు సిస్టర్ మార్తమ్మ అటుగా వెళ్తూ ఆగింది. వీరవేణి బస్సులోనే రోజూ డ్యూటీకొచ్చే మనిషి. పక్కన కూచుని, విషయమంతా విని, చెవి ఒకసారి చూసింది.

"పోగంత మిగిలింది, అంతేగా?"

"అంతే."

"వేణమ్మా, నేను నీకేం చెప్పట్లేదు. ఊరికే ఆసుపత్రి సంగతులు మాటాడుతున్నాను." మార్తమ్మ ఎదర గోడకేసి చూస్తూ అంది. "ఈ రూళ్లన్నీ అనుకుని వచ్చేవాళ్లకి. రక్తం కారతా వచ్చేవాళ్లకి ఏ రూలూ లేదు. రక్తం కారతా ఎవరొచ్చినా ముందు కుట్టాలి, తర్వాతే కాయితం. పుణ్యాత్ములెవరో ఆ ఒక్క రూలూ మార్చకుండా వదిలేశారు." లేచి చీర సర్దుకుంది. "గురువారం పొద్దున్న ఎనిమిదింటికి శశాంక్ గారొత్తారు. ఇదీ సంగతుల్లో మాటే."

బుధవారం వీరవేణి వార్డులో చేరలేదు. గురువారం పొద్దున్నే తలంటుకుంది. రెండేళ్ల తర్వాత బీరువా తీసి జూకాలు పెట్టుకుంది. ఎడమ జూకా ఆ పోగు మీద వేలాడింది. త్రిమూర్తులుకి సంగతి చెప్పలేదు. చెబితే ఆపేవాడు, లేదా తోడొచ్చి తనే కళ్లు తిరిగి పడేవాడు.

క్యాజువాలిటీ గుమ్మం బయట సిమెంటు చప్టా మీద కూచుంది. ఎనిమిదీ ఐదు అయింది. లోపల శశాంక్ గొంతు వినబడింది. వేళ్లు జూకా మీదికి వెళ్లాయి, వెనక్కి వచ్చాయి. నూట ఇరవై మంది మధ్య ఎవడి చెయ్యి ఎవడి జేబులో ఉందో పసిగట్టి పట్టుకున్న చెయ్యి అది, తన జూకాని మాత్రం రెండోసారికి గాని పట్టుకోలేకపోయింది. డిపోలోంచి తన బస్సు రెండో ట్రిప్పుకి బయల్దేరే వేళ. ఇంకెవరో రైట్ రైట్ అంటున్నారు. కళ్లు మూసుకుని ఒక్క లాగు లాగింది.

చిన్న పోగే. కానీ ప్రాణం పోయినట్టు నొప్పి పుట్టింది. వెచ్చగా మెడ మీదికి కారింది. లేచి లోపలికి నడిచింది.

శశాంక్ ఆ చెవిని చూశాడు, ఆమె గుప్పిట్లోని జూకాని చూశాడు. "ఏమైందండీ?"

"జూకా లాగేసిందండి."

"ఎవరు లాగారు?"

"సార్, రక్తం కారతా ఉంటే ప్రశ్నలేంటి?" అంది మార్తమ్మ, ట్రేలో సూదీ దారం పెట్టి ఉంచి. "ముందు కుట్టాలి. రూలు."

సూది, మత్తు, పాత అంచులు సాపు చెయ్యడం, నాలుగు కుట్లు. కుర్రాడి చేతులు మాట్లాడకుండా పనిచేశాయి. ఎన్నో వారాల ఆకలి మీదున్నవాడు భోజనం చేసినట్టు కుట్టాడు. కత్తిరించి, గోడ గడియారం చూసి, "తొమ్మిది నిమిషాలు" అన్నాడు. చీటీ మీద ఇలా రాశాడు: "ప్రమాదవశాత్తు చెవి గాయం. కుట్లు వేయడమైనది. వారం తర్వాత విధులకు హాజరు కావచ్చును."

డిపో అధికారి ఆ చీటీ చదివి ఊపిరి పీల్చుకున్నాడు. ప్రమాదానికి కంప్యూటరులో గడి ఉంది. ఆ గడి నొక్కగానే పాత 'అన్‌ఫిట్' చెరిగిపోయింది. ఎనిమిదో రోజున వీరవేణి బస్సెక్కి విజిలు ఊదింది. మూడు నెలలాగి, మచ్చకి కాస్త పక్కగా కొత్త రంధ్రం వేయించుకుని, జూకాలు పెట్టుకుంది.

ఇదేదీ సంఘానికి తెలీదు. క్యాజువాలిటీ కాగితాలు వేరే అంతస్తులో ఉంటాయి. ఏడాది చివర రాష్ట్రం నుంచి తనిఖీ బృందం వస్తోందని, మొత్తం ప్రక్రియ పూర్తిచేసిన రోగిని ఒక్కరినైనా చూపించాలని కబురొచ్చింది. రెండు వందల నలభై ఫైళ్లు వెతికితే అన్నింటికంటే ముందున్నది వీరవేణిదే. మిగిలిన గడులు ఒక్క సాయంత్రంలో నిండాయి. ఆమెకి ఉత్తరం వెళ్లింది: "మీరు శస్త్రచికిత్సకు సంపూర్ణ సంసిద్ధులుగా నిర్ధారించబడ్డారు. సన్మాన సభకు సదరు చెవితో సహా హాజరు కాగలరు."

వీరవేణి సదరు చెవితో సహా వెళ్లింది. రెండు జూకాలూ ధగధగలాడుతున్నాయి. పరబ్రహ్మంగారు శాలువా కప్పి మైకు అందుకున్నారు. "ఈ సంవత్సరం మా ఆసుపత్రిలో చిన్న సౌందర్య శస్త్రచికిత్సల వల్ల సంభవించిన మరణాలు సున్నా. ఇక్కట్లు సున్నా."

తనిఖీకి వచ్చినాయన అడిగాడు. "చేసిన శస్త్రచికిత్సలెన్నండీ?"

"అవీ సున్నాయే" అన్నారు పరబ్రహ్మంగారు, అంతే గర్వంతో. తర్వాత కాగితం చూస్తూ, ఆమె చెవి వైపు చెయ్యి చాపారు. "ఈ మాతృమూర్తి చెవిని చూడండి. నూట ఎనిమిది పరీక్షలు. ఒక్క కుట్టు లేదు!" చప్పట్లు మోగాయి. సంఘానికి జ్ఞాపిక ఇచ్చారు.

మైకు ఆమెకిచ్చారు. "అయ్యగారు చెప్పింది నిజమేనండి" అంది వీరవేణి. "ఈ సంఘం వాళ్లు నా చెవి ముట్టుకోలేదండి."

వేదిక దిగుతుంటే నలుగురైదుగురు ఆడవాళ్లు చుట్టూ మూగారు. వాళ్ల చేతుల్లోనూ పసుప్పచ్చ ఫైళ్లే. అందరి చూపూ ఆమె ఎడమ తమ్మె మీదే ఉంది. మాగాణి కూలి పనికెళ్లే ఒకావిడ గొంతు తగ్గించి, "ఎలా అయ్యిందక్కా?" అని అడిగింది.

వీరవేణి వెనక్కి తిరిగి చూసింది. వేదిక మీద ఫొటోలు దిగుతున్నారు. "గురువారం పొద్దున్న ఎనిమిదింటికండి. క్యాజువాలిటీ. ఒక చుక్క కనిపిత్తే చాలు, ఎక్కువ లాక్కోకండి. నేను తెలీక గట్టిగా లాగేశాను" అంది.

ఆ గురువారం క్యాజువాలిటీకి ఐదు చెవులొచ్చాయి. మరుసటి గురువారం పదకొండు. ఆ పై వారం పులిపిరులు గీసుకుపోయినవాళ్లు కూడా మొదలయ్యారు. శశాంక్ తలెత్తకుండా కుడుతున్నాడు, మార్తమ్మ దారం అందిస్తోంది.

రెండు నెలలకి ఆ లెక్కలు పరబ్రహ్మంగారి బల్ల మీదికి చేరాయి. ఆయన ఆ పూట మళ్లీ భోజనం చేయలేదు. ఏటిపట్నంలో చెవులు గురువారాల్లోనే, అదీ ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్యనే ఎందుకు తెగుతున్నాయో అధ్యయనం చేయడానికి ఉపసంఘం వేశారు. గాలి, నీరు, గ్రహస్థితి పరిశీలించారు. నివేదిక తేలేదాకా ముందుజాగ్రత్తగా ఒక ప్రకటన అచ్చువేయించి ఊళ్లోని బస్సులన్నింటిలోనూ అంటించారు: "ప్రజారోగ్యం దృష్ట్యా, స్త్రీలు గురువారం ఉదయం చెవి ఆభరణాలు ధరించి ప్రయాణించరాదు."

వీరవేణి బస్సులో దాన్ని డ్రైవరు సీటు వెనకే అంటించారు. గురువారం పొద్దున్న ఏడున్నర బస్సు నిండా ఆడవాళ్లు. ఒక్కరి చెవులూ బోసిగా లేవు. అందరూ ఆ కాగితాన్ని శ్రద్ధగా చదువుతున్నారు. వీరవేణి దాని కిందే నిలబడి, చేతిలో టికెట్ల మిషను పట్టుకుని, "ఎక్కడికండీ?" అని అడిగింది.

"పెద్దాసుపత్రి" అన్నారంతా ఒక్కసారే.